ఆగి ఆగి వచ్చే గొంతు

ఆదోని నుంచి ఆలూరు వెళ్లే దారిలో ఒక చిన్న మఠం ఉండేది. దానికి పెద్దదిక్కు నీలమ్మవ్వ. చుట్టుపక్కల చాలామందికి ఆమే గురువు. ఎవరైనా ప్రశ్న అడిగితే చేతిలో పని పక్కన పెట్టి చివరిదాకా వినడం ఆమె అలవాటు. జవాబు మాత్రం ఆ పూటే చెప్పాలన్న తొందర ఆమెకు ఉండేది కాదు.

ఒక సోమవారం మధ్యాహ్నం పంపాపతి అనే శిష్యుడు ఆమె ముందు కూర్చుని, "అవ్వా, ప్రాణం లేని వస్తువు మీద కోపం రావడం తప్పేనా?" అని అడిగాడు.

పంపాపతికి ఆదోనిలో విత్తనాల దుకాణం ఉంది. నెమ్మదస్తుడని పేరు. ఆ నెమ్మదిని పాడుచేసింది కొత్తగా కొన్న ఫోను. నలుగురినీ అడిగి, ఎన్నో వీడియోలు చూసి, ముచ్చటపడి కొన్నాడు. తీరా అది రోజువారీ పనులకే తడుముకునేది. మెసేజ్ రాస్తుంటే అక్షరాలు వేలి వెనక ఎక్కడో పడి వచ్చేవి. ఫోటో తీయబోతే పిల్లల నవ్వు అయిపోయాక తీసేది. మాట్లాడుతుంటే చెంప కాలేది, అవతలివాళ్ల గొంతు ముక్కలు ముక్కలుగా వినబడేది. మధ్యాహ్నం దాటకముందే ఛార్జింగ్ అడుగంటేది. దుకాణంలో దాన్ని బల్లకేసి కొట్టిన రోజు కూడా ఉందని అతడే చెప్పుకున్నాడు. దాని నుంచి తాను గొప్ప పనులేమీ కోరడం లేదని, నొక్కితే పలకాలని, ఎవరైనా పిలిస్తే వినిపించాలని, ఆ మాత్రం కూడా చేయనిదాన్ని ఎలా భరించాలని వాపోయాడు.

నీలమ్మవ్వ అనపకాయలు ఒలుస్తున్న చాటను అప్పటికే పక్కన పెట్టింది. ఆమె ఇంకా ఏమీ అనకముందే ఆ ఫోను మోగింది. పంపాపతి తెర మీద పడిన పేరు చూసి, కాసేపు చెవి దగ్గర పెట్టుకుని, "గొంతు సరిగా రావడం లేదు రుద్రా, మెసేజ్ పెట్టు" అని కట్ చేశాడు. గుంతకల్లులో ఉండే తమ్ముడని, మామూలుగానే వాడి మాట పట్టుకోవడం కష్టమని, ఈ ఫోనులో అయితే అసలు అర్థం కాదని అవ్వకు చెప్పాడు. రుద్రమునికి చిన్నప్పటి నుంచీ నత్తి. ఆ సంగతి అవ్వకు తెలుసు.

"మళ్లీ చేస్తే నాకియ్యి" అంది.

మళ్లీ మోగింది. అవ్వ ఫోనును చెవికి ఆనించుకుని, తానెవరో చెప్పి, కళ్లు మూసుకుంది. అవతలి నుంచి మాట వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. నత్తి వల్ల ఆగిందో ఫోను వల్ల ఆగిందో ఎవరు చెప్పగలరు? అవ్వ రెండింటికీ ఒకేలా కాచుకుంది. ఒక్క మాట కూడా ముందుగా అందించలేదు. మధ్యమధ్య "ఉండానప్పా" అని మాత్రం అంటూ వచ్చింది. అలా వింటూ వింటూ ఆమె ముఖం మెల్లగా విచ్చుకోవడం పంపాపతి చూశాడు. చాలాసేపటికి ఆమె ఫోను అతడికి అందించింది.

"నాకు చెప్పినాడు. కానీ ఇది నీకు వాడి నోటితో తెలియాల్సిన మాట."

పంపాపతి ఫోను తీసుకుని చెప్పమన్నాడు. "అన్నా, శ... శ..." అని వినబడింది. అక్కడికే ఫోను ఆరిపోయింది. మఠంలో ఆ పూట కరెంటు లేదు. పంపాపతి నల్లబడిన అద్దాన్ని చూస్తూ ఉండిపోయాడు. తమ్ముడు కొన్నాళ్లుగా రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. తాను మెసేజ్ పెట్టమన్న ప్రతిసారీ, మెసేజ్ పెట్టకుండా మళ్లీ ఫోనే చేశాడు. ఎందుకని తాను ఒక్కసారైనా అనుకోలేదు. పంపాపతి లేచి అవ్వకు దండం పెట్టి, రోడ్డు మీదికి వెళ్లి గుంతకల్లు బస్సెక్కాడు.

రుద్రముని స్టేషన్ దగ్గర సందులో బట్టలు కుట్టేవాడు. చెప్పకుండా వచ్చిన అన్నను చూసి మిషన్ ఆపి లేచాడు. ఇద్దరూ అంగడి అరుగు మీద కూర్చున్నారు. రుద్రముని మొదలుపెట్టాడు. మళ్లీ అదే అక్షరం దగ్గర గొంతు పట్టేసింది. ఎదురింట్లో జాకెట్లు కుట్టే శరణమ్మ తలుపు చాటు నుంచి ఇటే చూస్తోంది. ఆ పేరు పంపాపతి నాలుక మీదికి వచ్చేసింది. తండ్రి పోయాక తమ్ముణ్ణి సాకింది అతడే. వాడి నోట ఆగిపోయిన ప్రతి మాటనూ ఇన్నేళ్లూ తానే అందిస్తూ వచ్చాడు, అది సాయమనుకున్నాడు. ఈసారి నోరు మూసుకుని తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

"శరణమ్మ నన్ను చేసుకుంటానంది, అన్నా" అన్నాడు రుద్రముని. ఆ ఒక్క మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

ఆ అమ్మాయే వచ్చి అడిగిందట. అన్నకు తన నోటితో చెప్పేదాకా జవాబు ఇవ్వలేనన్నాడట. ఇంత సంగతి మెసేజ్‌లో రాయడానికి మనసొప్పలేదట. ఆమె అలాగే కానిమ్మని ఎదురుచూస్తోందట. ఇదంతా విని పంపాపతి ఏదో అనబోయాడు. మాట పెగల్లేదు. రుద్రముని తొందరపెట్టకుండా, అన్న ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.

పెళ్లయ్యాక పంపాపతి ఆ ఇద్దరినీ మఠానికి తీసుకొచ్చాడు. అవ్వ పక్కన కూర్చుని రుద్రముని ఏదో చెబుతుంటే, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాల్సిన చోటు వచ్చేదాకా ఓపిగ్గా ఆగి నవ్వారు. బయలుదేరేముందు పంపాపతి కొంచెం వెనకబడి, తన ప్రశ్నకు జవాబు తెలిసినట్టే ఉందని, ఇక ఈ ఫోనుతోనే సర్దుకుంటానని అవ్వతో అన్నాడు.

నీలమ్మవ్వ చేతిలో చాట పక్కన పెట్టింది.

"మార్చుకో నాయనా. అది మంచి ఫోనని నేనెప్పుడన్నాను?"