దసరా రంగుల సైకిలు

"వానాకాలం వచ్చేలోపు మన ఊరికి బస్సు తెప్పిస్తా. ఇది నా మాట."

అనగనగా ఒక ఊళ్ళో ఒక ప్రెసిడెంటుగారు మైకు పట్టుకుని అలా అన్నాడురా, బంగారం. అందరూ చప్పట్లు కొట్టారు. వానాకాలం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. బస్సు రాలేదు. 'బస్టాపు' అని రాసిన బోర్డు మాత్రం వచ్చింది. ఏటా దానికి కొత్త రంగు వేయించేవాడు. మేకలు వచ్చి దానికి వీపు గోక్కునేవి.

ఆ ఊళ్ళో నీలవేణి అని ఒక పిల్ల. లైబ్రరీలో పుస్తకాలన్నీ నమిలేసింది. నోరు తెరిస్తే నినాదమే. కాలువ అవతల టౌను కాలేజీలో చేరింది. సోమవారం రాకపోతే పేరు కొట్టేస్తామన్నారు. నడిచి వెళ్తే మధ్యాహ్నానికి గానీ చేరలేదు.

"హక్కులు అడుక్కోం, సాధించుకుంటాం," అంది వాకిట్లో నిలబడి.

"సాధిద్దువుగాని, ముందు అన్నం తిను," అంది మేనత్త ఆదెమ్మ. ఆదెమ్మ ఒకప్పుడు ఊరూరా తిరిగి పసిపిల్లలకు టీకాలు వేసిన నర్సు. "కొట్టంలో నా పాత సైకిలుంది. నీ నినాదాలకి చక్రాల్లేవు గానీ దానికున్నాయి."

అప్పుడు నీలవేణి సైకిలు బయటికి లాగింది. ఎప్పటిదో, ఓడెక్కి వచ్చిన సీమ సైకిలు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, సీటును మోసే గొట్టం తుప్పు పట్టి ముక్కలైపోయింది. సీటు లేని సైకిలు మీద కాలేజీకి ఎలా వెళ్తుంది చెప్పు?

ఆ తర్వాత సంతకెళ్ళి, అందరూ కొనే మామూలు గొట్టం తెచ్చింది. సీటు గొట్టం దిగే ఫ్రేము మూతిలో పెట్టి నొక్కింది. దూరలేదు. మెలి తిప్పింది. దూరలేదు. "ఇది సామాన్యుడి మీద కంపెనీల కుట్ర," అని దాన్ని మూలకి విసిరేసింది.

అప్పుడు కందికర్ర చెక్కి, మూతికి సరిపోయేలా కొలత తీసుకుంది. ఆ కొలతకి సన్న గొట్టం తెచ్చింది. చక్కగా దూరింది. మురిసిపోయి ఎక్కి కూర్చుంది. సర్రున సీటుతో సహా కిందికి దిగింది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"కప్పలా ఉన్నావే," అని ఆదెమ్మ పడీ పడీ నవ్వింది.

ఆ తర్వాత ఆ సన్న గొట్టానికి పౌడరు డబ్బా రేకు చుట్టింది. రేకు చుడితే మూతిలో దూరదు. రేకు తీస్తే లోపల ఊగుతుంది. ఆదివారం సాయంత్రమైంది. నీలవేణికి ఏడుపొచ్చింది, నినాదం రాలేదు.

కోపంగా గొట్టాన్ని బయటికి లాగింది. దాని అంచుకి ఒక పెచ్చు అంటుకుని వచ్చింది. పైన ఆకుపచ్చ, దాని కింద ఎరుపు, దాని కింద నీలం.

"అత్తా, దీనికెన్ని రంగులేశావు?"

"ఏటా దసరాకి పూజ చేసేముందు వేసేదాన్ని. నాకు అన్నం పెట్టిన బండి కదే. తుప్పు పట్టకూడదని మూతి లోపల కూడా, అందినంత మేర, కుంచె తిప్పేదాన్ని."

"అయితే మూతి దగ్గరే ఇరుకు, లోపల వెడల్పే అన్నమాట. నేను ఇనుముని కొలవలేదత్తా. నీ దసరాలన్నీ కొలిచాను."

అప్పుడు దీపం వెలుగులో ఇద్దరూ మూతి లోపలి రంగు గోకారు. ఆకుపచ్చ రాలింది, ఎరుపు రాలింది, నీలం రాలింది. ఒక్కో రంగుకీ ఆదెమ్మ ఒక్కో ఊరి ముచ్చట చెప్పింది. చివరికి ఇనుము తళుక్కుమంది. నీలవేణి మూలకి వెళ్ళి, తను విసిరేసిన మొదటి గొట్టం తెచ్చి పెట్టింది. ఊగకుండా, జారకుండా, అమ్మ ఒళ్ళో బిడ్డలా కుదురుకుంది.

సోమవారం పొద్దున బయల్దేరింది. బస్టాపు దగ్గర ప్రెసిడెంటుగారు నిలబడి బోర్డుకి మళ్ళీ రంగు వేయిస్తున్నాడు. నీలవేణి దిగి, గోరుతో బోర్డు అంచు గోకింది. పెచ్చు ఊడింది. కింద పోయినేటి రంగు, దాని కింద ముందటేటి రంగు.

"ఏంటమ్మాయ్ అది?" అన్నాడు.

"మీ మాట ఎక్కడుందో వెతుకుతున్నానండీ. నాకు సైకిలుంది, వెళ్తాను. నా వెనకాల పిల్లలకి లేదు. బస్సు ఎప్పుడొస్తుందో తారీకుతో చెప్పండి."

ఆయన తల గోక్కుని, "ఆగస్టు పదిహేనున జెండా దగ్గర తారీకు చెప్తానమ్మా," అన్నాడు. పెయింటరు కుంచె దించేశాడు. నీలవేణి గంట మోగించుకుంటూ వెళ్ళింది. కాలేజీ బెల్లు కొట్టేలోపే బెంచీలో కూర్చుంది.

ఇక కళ్ళు మూసుకో.

కథ సైకిలెక్కి కంచికి,
మనం దుప్పటి కప్పుకుని ఇంటికి,
ప్రెసిడెంటు జవాబు మన ఊరికి
ఆగస్టు పదిహేను నాటికి.