దారి తప్పిన జమేదారు

కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, కుంపిణీ దొరలు మాత్రం వచ్చేసిన రోజుల్లో, అడవి అంచున ఒక ఊరు ఉండేది. ఆ ఊరి కాపలా బంట్లకు పోతునాయుడు జమేదారు. పిరికితనంలో నాకు అన్నగారే అనుకోండి. తుపాకీ పేల్చమని చెప్పి, ముందు తానే చెవులు మూసుకునేవాడు.

దొరలు కొండవాళ్ల కల్లు మీద పన్ను వేశారు. కొండవాళ్లు దిగొచ్చి ధాన్యపు కొట్టు తగలబెట్టారు. పోతూ పోతూ జమేదారు ఒక్కగానొక్క కూతురు నూకాలును పట్టుకుపోయారు.

మొదటి ఏడు పోతునాయుడు కొండ కింది వాగు దాకా వెళ్లి కూతుర్ని పిలిచాడు. పలకలేదు. రెండో ఏడు పిలిచాడు. పలకలేదు. మూడో ఏడు పిలిస్తే అవతలి ఒడ్డుకు నూకాలు వచ్చింది. మెడ నిండా పూసలు, చంకలో పిల్ల.

"రా తల్లీ, ఇంటికి పోదాం."

"ఇంటి నుంచే వచ్చాను నాయనా."

"నిన్ను ఎత్తుకుపోయినవాళ్లే కదే?"

"వాళ్లే. ఇప్పుడు నావాళ్లు. అదేంటి, అంత చిక్కిపోయావు? వంట ఎవరు చేస్తున్నారు?"

"నేనే."

"అదీ సంగతి."

ఇద్దరూ నవ్వారు. వాగు మాత్రం ఎవరూ దాటలేదు.

ఆ వేసవిలో దొర పిలిచాడు. "జమేదారూ, కొండదారి నీకే తెలుసు. పటాలాన్ని తీసుకుపో. ఆ కొండవాళ్ల పల్లె బూడిద కావాలి."

"చిత్తం దొరా."

కాదంటే ఇంకొకడిని పంపుతారు మరి.

మొదటి రోజు పటాలాన్ని తిప్పి తిప్పి వాగు దగ్గరికే తెచ్చి, తిరిగొచ్చి దొరకు చెప్పాడు. "దారి తప్పాను దొరా." రెండో రోజూ వాగే. "దారి తప్పాను దొరా." మూడో రోజు దొర తానే వెంట నడిచాడు.

దారి రెండుగా చీలింది. కుడివైపు వెదురు పొద వెనకే పల్లె. రోకలి చప్పుడు. రెండు పోట్లు గబగబా, ఒకటి నిదానంగా. నూకాలు తల్లి అలాగే దంచేది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు దొర.

"వడ్రంగిపిట్ట దొరా."

పోతునాయుడు గట్టిగా దగ్గాడు. చప్పుడు ఆగిపోయింది. మూడేళ్లు పిలిచినవాడు ఆ రోజు పిలవలేదు. ఎడమకు తిరిగాడు. సాయంత్రానికి మళ్లీ వాగే.

దొర అతని తలపాగా ఊడదీయించి, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉప్పుకొటార్ల కాపలాకు తోలేశాడు. అక్కడే పోయాడు. వాగును మళ్లీ చూడలేదు.

ఇప్పటికీ కింది ఊరివాళ్లు ఆ చీలిక దగ్గర ఆగి ఒకసారి దగ్గుతారు, జలుబు లేకపోయినా. పైన ఆడవాళ్లు రోకళ్లు ఆపుతారు. ఆ వచ్చిన మనిషి కుడికి తిరిగి పల్లెలో అడుగుపెట్టేదాకా మళ్లీ దంచరు.