సగం పేరు

మునీరు సాహెబు ఎవరి పేరునూ విరిచి పిలిచేవారు కారు. పెన్న ఒడ్డున ఆయన ఉండే దర్గాకు ఎవరొచ్చినా, తల్లిదండ్రులు పెట్టిన పేరు పెట్టినట్టే ఆయన నోట వచ్చేది. శిష్యుడు అబ్దుల్ సత్తార్‌ను ఊరంతా "అబ్దులూ" అనేది. గురువు ఒక్కరే నిండుగా పిలిచేవారు. ఒకనాడు శిష్యుడు కాస్త విసుగ్గానే అడిగాడు.

"హజ్రత్, సగం పేరుకు మాత్రం నేను పలకనా? మీకెందుకీ శ్రమ?"

"అబ్దుల్ అంటే దాసుడు. ఎవరి దాసుడివంటే ఏం చెప్తావు? బంట్రోతుకు బిళ్ల ఉండి, బిళ్ల మీద అక్షరాలు లేనట్టుంది నీ సంగతి."

"సత్తార్ అంటే అల్లాయే కదా, మనుషుల తప్పులు కప్పేవాడు. ఆ మాత్రం నాకూ తెలుసు."

"తెలిస్తే మంచిదే," అన్నారు గురువు.

కొన్నాళ్లకే ఊళ్లో ఖాదర్ బాషా అనే అతను చనిపోయాడు. ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. శిష్యుడి తండ్రి దస్తగిరి, ఊరి పీర్ల చావిడికి కాపలా ఉండేవాడు. ఒక మొహర్రం ముందు చావిడిలోని వెండి పీరు పోయింది. చీకట్లో దొంగ వీపు మీద కొడవలితో వేటు వేశానని దస్తగిరి మొత్తుకున్నాడు. ఊరు నమ్మలేదు. కంచే చేను మేసిందన్నారు. ఆ నింద మోస్తూనే ఆయన మట్టిలో కలిశాడు. ఖాదర్ బాషా మాత్రం ఆ ఏడాది నుంచి మండుటెండల్లోనూ చొక్కా విప్పలేదు, ఏట్లో మునగలేదు. దస్తగిరిని దొంగ అనడానికి ఏ రుజువూ అడగని ఊరికి ఇప్పుడు ఖాదర్ బాషా విషయంలో రుజువు కావాల్సి వచ్చింది.

శవానికి స్నానం చేయించడానికి గురువు లేచి, శిష్యుణ్ణి తోడు రమ్మన్నారు. వాకిట్లో ఊరి పెద్ద బుడన్ సాహెబు అడ్డం వచ్చాడు.

"అబ్దులూ, వీపు చూసి రా నాయనా. మచ్చ ఉందంటే ఈ జనాజాకు ఒక్కడూ భుజం పట్టడు. మీ అబ్బ మీద పడ్డ మాటా పోతుంది."

ఖాదర్ బాషా కూతురు గడప దగ్గరే కూర్చుని ఉంది. ఆ మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శిష్యుడు ఆమె వైపు చూడకుండా లోపలికి పోయాడు. నిజం చెప్పాలంటే అతనూ వీపు చూడాలనే పోయాడు.

తెర కట్టారు. రేగాకు వేసి కాచిన నీళ్లు గురువు పోస్తుంటే, శిష్యుడు కప్పిన గుడ్డ కిందనే చెయ్యి పెట్టి కడుగుతున్నాడు. శవాన్ని పక్కకు ఒత్తిగిలించారు. వీపు మీద శిష్యుడి చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఏముందో, ఏం లేదో నేను రాయను. ఆ తెర కట్టింది పాఠకులకు కూడాను.

"అబ్దుల్ సత్తార్," అన్నారు గురువు మెల్లగా. "నీళ్లు చల్లారిపోతున్నాయి."

శిష్యుడు మళ్లీ కడగసాగాడు. కడిగి, తుడిచి, కఫన్ గుడ్డ చుట్టి బయటికొచ్చాడు. వాకిలి నిండా జనం.

"ఏమబ్దులూ, ఉందా లేదా?" అన్నాడు బుడన్ సాహెబు.

తండ్రి మొహం అతని కళ్లకు కట్టింది. అయినా తల ఎత్తి చెప్పాడు.

"నా పేరు అబ్దుల్ సత్తార్, చిచ్చా. కడిగాను, కప్పాను. ఇంకేమీ అడగొద్దు."

జనాజా లేచే వేళకు అందరికంటే ముందు అతనే భుజం పట్టాడు. దస్తగిరి కొడుకే మోస్తుంటే ఇక కాదనడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేరారు. అందరి వెనకా బుడన్ సాహెబూ వచ్చాడు.

మట్టి ఇచ్చి తిరిగొస్తూ ఏట్లో కాళ్లు కడుక్కుంటున్నప్పుడు శిష్యుడు ఉండబట్టలేక ఏడ్చేశాడు.

"హజ్రత్, మా అబ్బ మీది మాట తుడవాలనే లోపలికొచ్చాను. తుడవకుండానే బయటికొచ్చాను. నేనేం కొడుకుని?"

గురువు ఒడ్డెక్కి అతనికి చెయ్యి అందించారు.

"నీకీ పేరు పెట్టిందెవరు?"

"మా అబ్బే. ఆయనా మీలాగే నిండుగా పిలిచేవాడు."

"మరి ఇందాక వాకిట్లో నువ్వు పలికింది ఎవరి పిలుపుకి?" అన్నారు మునీరు సాహెబు.