యువరాజు ఎంగిలి విస్తరి

విళంబి నామ సంవత్సరం, చైత్ర బహుళ తదియ, బుధవారం. తెల్లవారుజామున వడగళ్ల వాన పడి, భోజనాల వేళకు చుర్రుమని ఎండ కాసింది. తేదీ లేని కథ పుకారుతో సమానమని కాలేజీలో మా చరిత్ర మాస్టారు అనేవారు. అందుకే ముందే చెప్పేశాను.

ఆ రోజున మల్లెగిరి అనే ఒకానొక రాజ్యంలో నాలుగేళ్ల యువరాజు అన్నం ముందు మూతి బిగించుకుని కూర్చున్నాడు. బిడ్డ బొద్దుగా ఉంటేనే రాజ్యం పచ్చగా ఉన్నట్టని వాడి తండ్రి నీలాద్రి భూపాలుడి నమ్మకం. అందుకని వాడికి పెద్దల విస్తరి నిండా వడ్డన. కాలు కందిపోతుందని ఎక్కడికైనా పల్లకీ. కదలని పిల్లవాడికి ఆకలెక్కడిది? మా కోడలూ అంతే, గిన్నె పట్టుకుని మనవడి వెనక మేడంతా తిరుగుతుంది. సరే, కథలోకి వద్దాం.

“గవరమ్మా, రేపు మెతుకు మిగిలిందా, నీకు కోటలో చోటు లేదు” అన్నాడు రాజు దాదితో.

“బాబు కడుపెంత, ఆ విస్తరెంత ప్రభూ?”

“మా వంశంలో తక్కువ తిన్నవాడు లేడు.”

గవరమ్మకు మొగుడు లేడు, కోట తప్ప వేరే నీడ లేదు. ఆస్థాన విదూషకుడు పేరిశాస్త్రి దగ్గరకు వెళ్లి కళ్లొత్తుకుంది.

“రేపూ అలాగే వడ్డించు. మిగలనీ” అన్నాడాయన.

మర్నాడు సగం పైగా మిగిలింది. రాజు నోరు తెరిచేలోపే పంక్తిలోంచి శాస్త్రి లేచాడు.

“దాదిని పంపే ముందు చిన్న ధర్మసందేహం ప్రభూ. ఈ ఎంగిలి కుక్కలకు వెయ్యవచ్చా?”

“సూర్యవంశపు ఎంగిలా? తల తీయిస్తాను.”

“నౌకర్లకు?”

“వాళ్లకేం అర్హత?”

“పారేస్తే అన్నపూర్ణమ్మకు కోపం. రాణిగారిది చూస్తే చంద్రవంశం. ఇక మిగిలింది తమరే.”

పంక్తిలో వాళ్లంతా చూస్తున్నారు. రాజు మీసం సవరించుకుని కూర్చుని తిన్నాడు. తన భోజనం మీద అది రెండో భోజనం. రాత్రి మళ్లీ అదే. నాలుగు రోజులు తిరక్కుండానే ఆయన్ని సింహాసనం మీంచి లేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. తోటలో నడిస్తే తప్ప లాభం లేదన్నాడు వైద్యుడు.

తండ్రి రొప్పుతూ నడుస్తుంటే యువరాజు పల్లకీలోంచి దూకేశాడు. “నాన్నగారూ, నన్ను పట్టుకోండి” అంటూ చెట్ల చుట్టూ పరుగు. వెనక రాజుగారు, ఆ వెనక కంగారుగా బోయీలు.

పొద్దు వాలేసరికి పిల్లవాడు దాది కొంగు లాగాడు. “ఆకలేస్తోందే. అన్నం పెట్టు.”

“గవరమ్మా, చిన్న ఆకు వెయ్యి” అన్నాడు రాజు, ఎవరూ వినకుండా.

వాడు ఆకు ఊడ్చినట్టు తిన్నాడు. ఖాళీ ఆకును చూసి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

“శాస్త్రీ, మా వంశ గౌరవమంతా నా పొట్టలోకే తోశావు కదయ్యా.”

“ఇంకెక్కడ అంత భద్రంగా ఉంటుంది ప్రభూ?”

ఆ మాటకు శాస్త్రికి బంగారు కంకణం దక్కింది. గవరమ్మకు కొలువుతోపాటు తోట పక్కన సొంత ఇల్లూ దక్కింది.

కాలక్రమంలో సింహాసనం యువరాజుకు వచ్చింది. గవరమ్మ ఇల్లు ఆమె మేనకోడలికి వెళ్లింది. కంకణం శాస్త్రిగారి అల్లుడు పట్టుకుపోయాడు. ఆయన కొడుకులిద్దరికీ మాత్రం ఏమీ దక్కలేదు, తండ్రి చమత్కారంతో సహా.