పట్టపు గుర్రం కడుపులో పుండు

ఒకానొక రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలేవాడు. తన మాటకు తిరుగులేదని ఆయనకు మహా గర్వం. తన పట్టపు గుర్రానికి పాలరాతి శాల కట్టించాడు. గచ్చు మాసిపోతుందని అందులో గడ్డిపరక పడనివ్వలేదు. ఉదయమొకసారి, సాయంత్రమొకసారి బెల్లం కలిపిన ఉలవలు మాత్రం దండిగా పెట్టించేవాడు.

కొన్నాళ్లకు గుర్రం మేత మానేసింది. పళ్లు కొరుకుతూ, మాటిమాటికీ పొట్టకేసి చూసుకునేది. కడుపులో పుండ్లు పడ్డాయన్నాడు అశ్వవైద్యుడు.

"పుండ్లా? అయితే విషమే!" అని గర్జించాడు రాజు. "దాన్ని సాకే పోలనే పెట్టి ఉంటాడు. నా గుర్రాన్ని బాధపెట్టినవాడు ఎవడైనా సరే, వాడి తల తెగాల్సిందే!"

మరణదండన పడే నేరాన్ని విచారించే రోజున తీర్పు చెప్పేదాకా రాజు పచ్చి మంచినీళ్లయినా ముట్టరాదని ఆ వంశపు ఆచారం. ఆస్థానంలో మాచన అనే చతురుడు లేచి, పోలన తరఫున తాను మాట్లాడతానన్నాడు.

"ఈ ఉలవలు ఏ ఊరివి? బెల్లం ఎవరి గానుగది?" అంటూ మొదలుపెట్టాడు. ప్రశ్న వెంట ప్రశ్న. పొద్దు నడినెత్తికెక్కి వాలింది. తలారి కత్తి నూరుతూనే ఉన్నాడు.

"అయ్యా, ఈ బెల్లం గొడవతో నా ప్రాణం నిలుస్తుందా?" అని గొణిగాడు పోలన.

"నిలవాలంటే నోరు మూసుకో."

చివరికి రాజు పొట్ట పట్టుకుని ముందుకు వంగాడు. "ఇక చాలించు! కడుపు భగ్గుమంటోంది."

"ఘోరం! ప్రభువులకు విషం పెట్టారు! వంటవాణ్ణి పట్టుకోండి!" అని అరిచాడు మాచన.

"ఓరి వెర్రివాడా! పొద్దుటినుంచి మెతుకు లేదు. ఖాళీ కడుపు మండక చల్లగా ఉంటుందా? వంటవాడేం చేశాడు?"

మాచన చేతులు జోడించాడు. "గుర్రం చెబుతున్నదీ అదే ప్రభూ. అది రోజంతా గడ్డి కొరుకుతూ ఉండాల్సిన ప్రాణి. రెండు పూటల ఉలవలకు నడుమ దానికి పరక లేదు. ఆ ఖాళీ కడుపుతోనే తమరు దాన్ని పరుగెత్తిస్తున్నారు. పుండు పడక ఏమవుతుంది?"

గడ్డి వద్దన్నదెవరో సభలో అందరికీ తెలుసు.

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "అయితే నేరం ఎవరిది మాచనా? పేరు చెప్పు."

చెబితే మాచన తల పోతుంది. చెప్పకపోతే పోలన తల పోతుంది.

"పాలరాతి గచ్చుది ప్రభూ. గడ్డిని లోపలికి రానివ్వనిది అదే. తక్షణం దాని తల తీయించండి."

రాజు అతనివైపు గుచ్చి చూశాడు. తర్వాత మండే పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. పలుగులు తెప్పించి గచ్చు పెళ్లగించమన్నాడు. పోలన కట్లు విప్పించి, తన ముత్యాలహారం తీసి మాచన మెడలో వేశాడు.

"ఇంకేం కావాలో కోరుకో."

"భోజనం ప్రభూ! నేనూ పొద్దుటినుంచి పస్తే."

"ఆగు," అన్నాడు రాజు. "ముందు గుర్రానికి."

అప్పటికే పోలన గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని శాలవైపు పరుగెడుతున్నాడు.