పిడుగు తినని ఉలవలు

కుందవరమనే ఒకానొక రాజ్యాన్ని రణమల్లుడు ఏలుతుండేవాడు. ఆయనకు గుర్రాలంటే ప్రాణం. అయితే ఆ ప్రేమ అవి పందేల్లో గెలిచినంత కాలమే. వేగం తగ్గిన గుర్రాన్ని సున్నపు గానుగకు కట్టించేవాడు.

ఆ ఏడాది పందేలు ముగిశాక, వయసు మళ్ళిన గుర్రాలన్నిటినీ గానుగకు పంపమని నిండు సభలో ఆజ్ఞాపించాడు. ఆస్థానంలో చమత్కారిగా పేరున్న బాచన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ! వాటిని సరిహద్దు కోటకు కబుర్లు మోయడానికి వాడుకుందాం. వేగం తగ్గింది గాని దమ్ము తగ్గలేదు."

"పందెంలో ఓడినవి కొండలు దాటుతాయా? నీ నోటికున్న పరుగు వాటి కాళ్ళకు లేదు, బాచనా!"

"అయితే వాటిలో ఒకదానిమీద నేనూ, తమకు నచ్చిన గుర్రంమీద తమరూ కోటకు బయలుదేరుదాం. నేను గెలిస్తే వాటన్నిటికీ గానుగ తప్పించాలి."

"ఓడితే?"

"వాటి పక్కన నన్నూ కట్టండి."

"కడతాను. గానుగ నోటితో తిరగదు, మెడతో లాగాలి సుమా!" అన్నాడు రాజు. సభ గొల్లుమంది.

మర్నాడు బాచన ఆ గుర్రాలన్నిటినీ మైదానం చుట్టూ పరిగెత్తించాడు. ఏది ముందొచ్చిందో చూడనే లేదు. పరుగు ఆగాక ఒక్కొక్కదాని ముందు నీళ్ళూ ఉలవలూ పెట్టించి గమనిస్తూ కూర్చున్నాడు. చాలావరకు రొప్పుతూ, నేల తవ్వుతూ నిలబడ్డాయి. నెమలి అనే గోధుమవన్నె ఆడగుర్రం మాత్రం కాసేపటికే ఊపిరి కుదుటపడి, నీళ్ళు తాగి, ఉలవల్లో మూతి పెట్టింది. బాచన దాని కాళ్ళు తడిమాడు. వాపు లేదు, వేడి లేదు. రాళ్ళమీద నడిపించాడు. కుంటలేదు.

"ఇదే నా గుర్రం" అన్నాడు.

అశ్వశాల అధికారి నవ్వాపుకోలేకపోయాడు. "అయ్యా, అది ప్రతి పందెంలోనూ చివరే! దాని ధ్యాసంతా తిండిమీదే."

"నా ధ్యాసా అంతే. మా ఇద్దరికీ బాగా కుదురుతుంది."

బయలుదేరేముందు బాచన రాజుకు చేతులు జోడించాడు. "ప్రభూ, తిండియావ గుర్రం. దీనికోసం ఒక్క నియమం అనుగ్రహించండి. కోట చేరి, ముందుగా ఉలవల సంచి ఖాళీ చేసిన గుర్రమే గెలిచినట్టు."

"నా పిడుగు తిని, ఒక కునుకు తీసి లేచినా నువ్వు కొండ ఎక్కవు. ఒప్పుకున్నాం!"

రాజుగారి గుర్రం పిడుగు పేరుకు తగ్గట్టే దూసుకుపోయింది. బాచన దుమ్ము అణిగేదాకా ఆగి, నెమలిని నింపాదిగా దౌడు తీయించాడు. వాగు దగ్గర నీళ్ళు తాగనిచ్చాడు. నిటారుగా ఉన్న చోట దిగి పక్కనే నడిచాడు.

రాజు చాలా ముందుగా కోట చేరాడు. కాని పిడుగు నోట నురగలు కక్కుతోంది, డొక్కలు కొలిమితిత్తుల్లా ఎగసిపడుతున్నాయి. ఉలవల సంచి చూపిస్తే మొహం తిప్పుకుంది. జీవితంలో ఎవరినీ బతిమాలని రాజు, ఉలవలు దోసిట్లో పోసుకుని నిలబడ్డాడు.

"తిను నాయనా! నా తండ్రివి కదూ, ఒక్క ముద్ద!"

అది తినలేదు. ఎండ వాలాక బాచన వచ్చాడు. కాసేపటికి నెమలి నీళ్ళు తాగి, సంచి ఖాళీ చేసి, పిడుగు సంచి వైపు మెడ చాచింది.

రాజు మండిపడ్డాడు. "ముందొచ్చింది నేను! ఇది పందెమా, అన్నప్రాశనా?"

"ప్రభూ, కోటకు కబురు తేవడం సగం పని. జవాబు తిరిగి మోసుకెళ్ళాలి కదా? 'మా గుర్రం రొప్పుతోంది, కాస్త ఆగి దండెత్తండి' అని శత్రువుకు చెప్పలేం. సెలవిస్తే నేనిప్పుడే రాజధానికి వెళతాను. పందెం సంగతి మహారాణిగారికి ఏమని విన్నవించమంటారు?"

రాజు పిడుగును చూశాడు. దోసిట్లో ఉలవలను చూసుకున్నాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

"ఉన్నది ఉన్నట్టే చెప్పు! నిన్ను దాటి వెళ్ళి ఇంకోలా చెప్పే గుర్రం నా దగ్గర ఏదీ?"

మెడలోని ముత్యాల హారం తీసి బాచన మెడలో వేశాడు. గుర్రాలన్నిటినీ కబుర్ల కొలువులో చేర్చమని అక్కడే ఆజ్ఞ రాయించి అతని చేతికిచ్చాడు. నెమలి తోక విదిలించి కొండ దిగింది.

పిడుగు తేరుకునేదాకా రాజుగారు కోటలోనే ఉండిపోయారు. ఆయన రాజధాని చేరేసరికి గానుగకు ఎద్దులను కట్టారు. బాచన గెలిచిన సంగతి వీధివీధికీ తెలిసిపోయింది.