ఒఫోరి తాత పిలుపు

అనగనగా, ఏడు సముద్రాల అవతల ఆఫ్రికాలో ఒక ఊరు. ఆ ఊరి పక్కన ఏడాది పొడుగునా వానలు కురిసే అడవి. ఒకప్పుడు మనుషులు దాన్ని గొడ్డలితోనూ తుపాకితోనూ బోసి చేసి పెట్టారు. ఆ తర్వాత బుద్ధొచ్చి, ఇక నరకొద్దు, వేటాడొద్దు అని కట్టుబాటు చేసుకున్నారు. అప్పుడు మెల్లమెల్లగా చెట్లు లేచాయి, పిట్టలొచ్చాయి, మేకపిల్లంత ఉండే బుల్లి జింకలు కూడా వచ్చాయి.

ఆ ఊళ్ళో ఒఫోరి అని ఒక తాత. వయసులో ఉన్నప్పుడు పేరుమోసిన వేటగాడు. రెండు వేళ్ళతో ముక్కు నొక్కిపట్టి, అచ్చం జింకపిల్ల ఏడ్చినట్టే "మ్యా... మ్యా..." అని ఏడ్చేవాడు. బిడ్డకేదో అయిందనుకుని తల్లి జింక పరుగెత్తుకొచ్చేది. వస్తే ఇంకేముంది, తుపాకి పేలేది. అదేం బుద్ధో అమ్మలూ, తలుచుకుంటే నా కడుపు తరుక్కుపోతుంది. తాతకీ అంతే. అందుకే ఆ పిలుపు మానేశాడు. ఇప్పుడు అడవి చూడవచ్చినవాళ్ళకి దారి చూపిస్తాడు.

ఒకసారి మన తెనాలి పిల్ల హైమవతి ఆ అడవికి వెళ్ళింది. ఆ దేశంలోనే ఒక బళ్ళో పంతులమ్మ. జింకని చూడాలని ఒకటే తహతహ. మొదటి రోజు గిట్టల గుర్తులు కనిపించాయి. రెండో రోజు పొదల్లో తోక మెరిసి మాయమైంది. మూడో రోజు తాత వద్దంటున్నా ముందు ముందుకి నడిచి, ఆకుల్లో ఒంటరిగా ముడుచుకు పడుకున్న జింకపిల్లని చూసింది. "అయ్యో, దిక్కులేనిదై పోయిందే" అని చున్నీలో చుట్టి ఎత్తుకొచ్చేసింది.

తాత తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేశావమ్మా! తల్లి దాన్ని దాచిపెట్టి మేతకెళ్ళింది. ఎక్కణ్ణుంచి తీశావు?"

హైమవతి వెనక్కి వెళ్ళి చూస్తే అన్ని పొదలూ ఒక్కలాగే ఉన్నాయి. ఎంత తిరిగినా ఆ చోటు దొరకలేదు. పిల్లేమో పాలనుకుని ఆమె వేలు చప్పరిస్తోంది. తల్లి దొరక్కపోతే అది బతకదు. పాపం, హైమవతికి ఏడుపొచ్చేసింది.

ఇక తాతకి ఒక్కటే దారి, ఆ పాత పిలుపు. కానీ ముక్కు దాకా తీసుకెళ్ళిన చెయ్యి మళ్ళీ దించేశాడు. ఆ గొంతు నమ్మి వచ్చిన తల్లులన్నీ గుర్తొచ్చాయి. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు?

చివరికి పిల్లని ఆకుల మీద పడుకోబెట్టి, ఇద్దరూ చెట్టు చాటుకి తప్పుకున్నారు. తాత ముక్కు నొక్కి ఒకసారి పిలిచాడు. ఎవరూ రాలేదు. రెండోసారి పిలిచాడు. ఎక్కడో ఎండుటాకు చప్పుడైంది. మూడోసారి పిలిచేసరికి ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు వచ్చింది అమ్మలూ, తల్లి! పిల్లని నాకి నాకి, పాలిచ్చి, వెంటబెట్టుకుని పొదల్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఈ సంగతి విని, అడవికొచ్చిన వాళ్ళందరూ "మాకూ ఒక్కసారి పిలిచి చూపించు తాతా" అని వెంటపడ్డారు. మళ్ళీ వచ్చినప్పుడు హైమవతి కూడా ఆశ ఆపుకోలేక అడిగింది.

తాత ఆమె తల నిమిరాడు.

"దాని బిడ్డ దాని దగ్గరే ఉంది కదమ్మా. ఇప్పుడు పిలిస్తే అబద్ధమవుతుంది" అన్నాడు.

కథేమో కంచికి,
పిల్లేమో తల్లి పంచకి,
మనమేమో మెత్తని మంచానికి!